ఆల్ఫా క్షయం: లెక్క కుదిరినా నమ్మకూడని చోట్లు

థోరియం-232 అర్ధాయుష్షు (పరమాణువుల్లో సగం క్షయించడానికి పట్టే కాలం) 1,405 కోట్ల ఏళ్లు. పొలోనియం-212 అర్ధాయుష్షు 0.3 మైక్రోసెకను. రెండూ ఒకే క్షయ శ్రేణిలోవి. శ్రేణి థోరియంతో మొదలవుతుంది, సీసం-208గా స్థిరపడే ముందు పొలోనియం వస్తుంది. భీమునిపట్నం తీరపు ఇసుకలో దొరికే మోనజైట్ రేణువులో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండూ వదిలేది ఆల్ఫా కణాన్నే, అంటే రెండు ప్రోటాన్లూ రెండు న్యూట్రాన్లూ కలిసిన ముద్దను. థోరియం క్షయంలో విడుదలయ్యే శక్తి 4.08 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (ఇకపై ఎంఈవీ), పొలోనియం క్షయంలో 8.95. శక్తి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువైతేనే ఆయుష్షు ఒకటి పక్కన 24 సున్నాలు పెట్టినన్ని రెట్లు తగ్గిపోయింది.

శక్తికీ ఆయుష్షుకీ ఇలాంటి ముడి ఉందని మాంచెస్టర్‌లో గైగర్, నట్టాల్ 1911లోనే పట్టుకున్నారు. కారణం తేలడానికి మరో 17 ఏళ్లు పట్టింది. ఈ మధ్యలో ఒక చిక్కు రదర్‌ఫర్డ్‌ను వేధించింది. పొలోనియం-212 నుంచి వచ్చే 8.78 ఎంఈవీ ఆల్ఫాలను యురేనియం మీదికి వదిలితే అవి కేంద్రకంలోకి చొరబడలేక, కూలంబ్ నియమం చెప్పినట్టే వెనక్కి చెదిరాయి. అంటే అక్కడి విద్యుత్ వికర్షణ అవరోధం 8.78 కన్నా ఎత్తయినది. మరి అదే యురేనియం 4.2 ఎంఈవీ ఆల్ఫాను బయటికి ఎలా వదులుతోంది? 1928లో గామోవ్ ఒకవైపు, గర్నీ, కాండన్ ఇంకోవైపు, విడివిడిగా ఒకే జవాబు చెప్పారు. ఆల్ఫా అవరోధాన్ని ఎక్కి దాటదు, టన్నెలింగ్ ద్వారా దాన్ని చీల్చుకుని వస్తుంది. ఆ సంభావ్యత అవరోధం మందాన్ని బట్టి ఘాతీయంగా పడిపోతుంది. పొలోనియం-212 విషయంలో ఆల్ఫా బయటపడే చోటు కేంద్రకం మధ్య నుంచి 26 ఫెంటోమీటర్ల (ఒక్కోటి 10⁻¹⁵ మీటరు) దూరంలో ఉంటే, థోరియం-232కు అది 62 ఫెంటోమీటర్లు. ఆ 24 సున్నాల్లో దాదాపు అన్నీ ఈ తేడాలోంచి వచ్చినవే.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. అసలు పని ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ సంబంధాన్ని చేతిలెక్కకు వీలుగా మార్చిన రూపాల్లో వయోలా–సీబోర్గ్ ఫార్ములా ఎక్కువగా వాడుకలో ఉంది. 1989 నాటి గుణకాలతో, ప్రోటాన్లూ న్యూట్రాన్లూ సరిసంఖ్యలో ఉన్న కేంద్రకాలకు అది ఇలా ఉంటుంది:

లాగ్ టీ = (1.66175 × జడ్ − 8.5166) ÷ √క్యూ − 0.20228 × జడ్ − 33.9069

ఇక్కడ లాగ్ అంటే 10 ఆధారపు సంవర్గమానం, టీ సెకన్లలో అర్ధాయుష్షు, జడ్ తల్లి కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య, క్యూ ఎంఈవీల్లో మొత్తం విడుదల శక్తి. డిటెక్టర్ చూపించేది క్యూ కాదు, ఆల్ఫా గతిశక్తి మాత్రమే. మిగిలింది వెనక్కి తన్నుకునే పిల్ల కేంద్రకం తీసుకుంటుంది. అందుకే కొలిచిన శక్తిని ఎ ÷ (ఎ − 4)తో గుణించాలి. ఎ అంటే తల్లి ద్రవ్యసంఖ్య, పేరు పక్కన ఉండే అంకె. పొలోనియం-212కు 8.785ను 212 ÷ 208తో గుణిస్తే 8.954 వస్తుంది. పరమాణువులోని ఎలక్ట్రాన్ల కోసం మరో సవరణ ఉంది. పొలోనియం చుట్టుపక్కల మూలకాలకు అది 32 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కేఈవీ) దగ్గర ఉంటుంది. ఏ ఫార్ములాకు ఏ సవరణ ముందే కలిపారో చూసుకోకపోతే దాన్ని రెండుసార్లు కలిపేసే ప్రమాదం ఉంది, అచ్చయిన పట్టికల్లో కూడా.

లెక్క వేసి చూస్తే థోరియం-232కు లాగ్ టీ 17.70 వస్తుంది, కొలిచిన విలువ 17.65. తేడా 12 శాతం లోపే. యురేనియం-238కు ఒకటిన్నర రెట్లు ఎక్కువ వస్తుంది. మూలకం 118, ఒగనెసాన్-294కు క్యూ 11.8 పెడితే 0.7 మిల్లీసెకను వస్తుంది. రష్యాలోని డుబ్నా ప్రయోగశాలలో కొలిచిందీ దాదాపు అంతే. ఇన్ని చోట్ల కుదిరే సూత్రం మీద నమ్మకం కలగడం సహజం.

అదే ఫార్ములాలో పొలోనియం-210ని పెట్టి చూడాలి. క్యూ 5.407. జవాబు మూడున్నర రోజులు వస్తుంది. నిజమైన అర్ధాయుష్షు 138.4 రోజులు, అంటే 40 రెట్లు. పొలోనియం-211 ఇంకా దారుణం. లెక్కలో అర మిల్లీసెకను కూడా రాదు, కొలిస్తే అర సెకను. బిస్మత్-209కు లెక్క 7×10¹⁴ ఏళ్లు చెబితే ప్రకృతి 2×10¹⁹ ఏళ్లు అంటుంది. జత లేని న్యూక్లియాన్ (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) కోసం ఆ ఫార్ములాలోనే ఒక సవరణ ఉంది. అది కలిపినా బిస్మత్‌కు ఆరు రెట్లు, పొలోనియం-211కు పన్నెండు రెట్లు మాత్రమే సర్దుతుంది. మిగతాదంతా లెక్క బయటే ఉండిపోతుంది.

ఆ మిగిలినదే ఈ రంగంలో విషయం. శక్తి, విద్యుదావేశం చాలావరకు పని చేసిపెడతాయి. కేంద్రక నిర్మాణం గురించి సమాచారమంతా మిగిలిపోయిన పదీ, వందా, వేల రెట్లలో దాగి ఉంటుంది. సంవర్గమానాల గ్రాఫు మీద పాతిక పదింతల మెట్లు పరిచి, చుక్కలన్నీ గీత మీదే పడ్డాయని చూపించే పత్రాలకు కొదవ లేదు. కానీ ఆ గ్రాఫులో 0.3 తేడా అంటే రెండు రెట్ల తప్పు. గీత మందంలో అది కలిసిపోతుంది.

మిగిలినదాన్ని బయటికి లాగాలంటే టన్నెలింగ్ లెక్కను విడిగా వేయాలి. పొలోనియం-212నే తీసుకుందాం. ఆల్ఫా ఒకవైపు, సీసం-208 మరోవైపు. రెండు గోళాల వ్యాసార్ధాలు కలిపితే, 1.2 ఫెంటోమీటర్ల గుణకంతో, 9.0 ఫెంటోమీటర్లు వస్తుంది. ఆ దూరంలో కూలంబ్ అవరోధం 26 ఎంఈవీ. అక్కడి నుంచి 26.4 ఫెంటోమీటర్ల దాకా సమాకలనం చేస్తే, ఆల్ఫా లోపలి నుంచి అవరోధాన్ని తాకే ఒక్కో తాకిడికి బయటపడే సంభావ్యత సుమారు 10⁻¹⁴ అని తేలుతుంది. తాకిడులు సెకనుకు 1.2×10²¹. రెండూ గుణిస్తే అర్ధాయుష్షు 63 నానోసెకన్లు. కొలిచింది 295 దరిదాపుల్లో. ఈ నిష్పత్తి 0.2. కేంద్రకం అంచున రెండు ప్రోటాన్లూ రెండు న్యూట్రాన్లూ ముందే ఆల్ఫాగా కూడి ఉండే అవకాశం అది. దీన్ని ప్రీఫార్మేషన్ గుణకం అంటారు.

ఇప్పుడు 9.0 బదులు 8.5 పెట్టి మళ్లీ లెక్క వేస్తే సంగతి బయటపడుతుంది. వ్యాసార్ధం ఆరు శాతం కూడా తగ్గలేదు గానీ అర్ధాయుష్షు ఆరు రెట్లు పెరిగి 390 నానోసెకన్లయింది. ప్రీఫార్మేషన్ 1.3 అయింది. ఒకటికి మించిన సంభావ్యత ఉండదు కాబట్టి ఈ వ్యాసార్ధం తప్పని తెలుస్తుంది. కానీ 8.8 పెట్టి ఉంటే? 9.2 పెట్టి ఉంటే? అన్నీ ఒకటికి లోబడే ఉంటాయి, వేటికవి వేర్వేరు జవాబులిస్తాయి. అర్ధాయుష్షు ఒక్కటే చేతిలో ఉంటే ప్రీఫార్మేషన్ అసలు విలువ చెప్పడం సాధ్యం కాదు. ప్రచురితమైన ఏ ప్రీఫార్మేషన్ పట్టిక చూసినా, ముందు అడగాల్సింది ఏ పొటెన్షియల్‌తో (అవరోధం ఆకారానికి పెట్టుకున్న నమూనాతో) తీశారన్నదే.

నిష్పత్తులు మాత్రం ఈ జబ్బు నుంచి చాలావరకు తప్పించుకుంటాయి. అదే 1.2 గుణకంతో పొలోనియం-210కి లెక్క వేస్తే ప్రీఫార్మేషన్ 0.025 వస్తుంది, అంటే పొలోనియం-212లో ఉన్నదాంట్లో ఎనిమిదో వంతు. వ్యాసార్ధం మారిస్తే రెండు అంకెలూ దాదాపు ఒకే మేరకు కదులుతాయి కాబట్టి ఎనిమిదో వంతు అలాగే నిలుస్తుంది. కారణం న్యూట్రాన్ల సంఖ్య. పొలోనియం-212లో సీసం-208 అనే, న్యూక్లియాన్లతో నిండి మూసుకుపోయిన కోశానికి బయట సరిగ్గా రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఉన్నాయి. పొలోనియం-210లో న్యూట్రాన్లు కోశం నిండే 126 దగ్గరే ఆగాయి. ఆల్ఫా కట్టాలంటే నిండిన కోశంలోంచి జతను పీకాలి. పొలోనియం-211లో ఒక న్యూట్రాన్ ఒంటరిగా ఉంది. పైగా దాని స్పిన్ 9/2, పిల్ల కేంద్రకం సీసం-207ది 1/2. స్పిన్, పారిటీ (తరంగ రూపపు అద్దపు సౌష్ఠవం) రెండూ కుదరాలంటే ఆల్ఫా 5 యూనిట్ల కోణీయ ద్రవ్యవేగంతో వెళ్లాలి. దానివల్ల అంచు దగ్గర అవరోధం మరో 2 ఎంఈవీ పెరుగుతుంది. దీని వాటా పదికీ ఇరవైకీ మధ్య రెట్లు. వెయ్యి రెట్ల ఆలస్యంలో మిగతాది ఒంటరి న్యూట్రాన్‌ది.

మరి వ్యాసార్ధం ఎక్కడి నుంచి రావాలి? క్షయం నుంచి కాదు, కేంద్రక చర్యల నుంచి. ఆల్ఫా బయటికి వచ్చే దారిలోనే తిరిగి లోపలికి వెళ్తే అది సంలీన చర్య. సీసం, బిస్మత్‌ల మీదికి ఆల్ఫా పుంజాన్ని శక్తి మారుస్తూ పంపి, ఏ శక్తి దగ్గర కలయిక ఊపందుకుంటుందో కొలిస్తే అవరోధం ఎత్తు తెలుస్తుంది. పైన వాడిన పదునైన అంచు గల గోళాల లెక్క 26 ఎంఈవీ చెప్పింది. చర్యలు చెప్పేది 20 పైచిలుకు మాత్రమే. కేంద్రక ఆకర్షణ అంచున హఠాత్తుగా ఆగిపోదు, తోకలా బయటికి సాగుతుంది. అందుకే అవరోధం కొన గుండ్రబడి, 11 ఫెంటోమీటర్ల దగ్గరికి జరుగుతుంది. స్థితిస్థాపక పరిక్షేపణం (కేంద్రకాన్ని ఉత్తేజపరచకుండా ఆల్ఫాలు చెదరడం) నుంచి ఆప్టికల్ పొటెన్షియల్ (ఆల్ఫాకూ కేంద్రకానికీ మధ్య బలాన్ని చెప్పే నమూనా) తీసి, క్షయం లెక్కలోనూ దాన్నే వాడితే స్వేచ్ఛగా తిప్పుకునే మీటలు తగ్గుతాయి. తక్కువ శక్తి పరిక్షేపణం మాత్రం అంచునే చూస్తుంది. లోపలి లోతు వేర్వేరుగా ఉన్న పొటెన్షియల్స్ అన్నీ ఒకే కోణీయ వితరణను ఇస్తాయి. ఆ సందిగ్ధం విడిపోవాలంటే వంద ఎంఈవీ దాటిన ఆల్ఫాలు కావాలి.

ఇలాంటి చర్యల్లో వాడకపరంగా ముఖ్యమైనది బిస్మత్-209 ఆల్ఫాను మింగి రెండు న్యూట్రాన్లు వదిలే చర్య. వచ్చేది ఆస్టటైన్-211, క్యాన్సర్ చికిత్స కోసం ప్రపంచమంతా వెతుకుతున్న ఆల్ఫా ఉద్గారి. దాని అర్ధాయుష్షు 7.2 గంటలు. దాదాపు 42 శాతం నేరుగా ఆల్ఫా వదులుతుంది, మిగతాది ఎలక్ట్రాన్ గ్రహణంతో పైన చెప్పిన పొలోనియం-211గా మారి అర సెకనులో 7.45 ఎంఈవీ ఆల్ఫా వదులుతుంది. చర్య 21 ఎంఈవీ దగ్గర మొదలై, 30 దాటాక శిఖరానికి చేరుతుంది. అయినా పుంజాన్ని 29 లోపే ఆపాలి. 28.6 నుంచి మూడో న్యూట్రాన్ కూడా రాలడం మొదలై ఆస్టటైన్-210 వస్తుంది. అది పొలోనియం-210గా మారి ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. బిస్మత్ 271 డిగ్రీలకే కరుగుతుంది, ఆస్టటైన్ ఆవిరయ్యే స్వభావం కలది. లక్ష్యం వెనక నీటి చల్లదనం సరిపోకపోతే తయారైన సరుకు అక్కడే గాల్లో కలుస్తుంది.

చర్య అడ్డుకోతలను (చర్య జరిగే అవకాశానికి కొలతలు, క్రాస్ సెక్షన్లు) కొలిచే మామూలు పద్ధతి రేకుల దొంతర. పలుచని రేకులను ఒకదాని వెనక ఒకటి పేర్చి పుంజం పంపితే, ప్రతి రేకూ ఆల్ఫా శక్తిని కొంత తినేసి తర్వాతి రేకును తక్కువ శక్తితో తాకనిస్తుంది. ఒక్క పుంజంతో పది శక్తుల దగ్గర కొలత దొరుకుతుంది. తర్వాత ఒక్కో రేకునూ జెర్మేనియం డిటెక్టర్ ముందు పెట్టి గామా రేఖలు లెక్కిస్తారు. ఇందులో తప్పు వెనకాల రేకుల్లో పోగవుతుంది. మొదటి రేకు మందంలో చిన్న పొరపాటు కూడా చివరి రేకు శక్తిని పక్కకు నెట్టగలదు, పైగా ఆల్ఫాల శక్తి వ్యాపనం కూడా అక్కడే ఎక్కువ. అందుకే మధ్యమధ్య టైటానియం, రాగి రేకులు దూర్చి, అడ్డుకోత ముందే తెలిసిన చర్యలతో శక్తినీ పుంజం తీవ్రతనూ సరిచూస్తారు. రేకు మరీ పలుచనైతే తయారైన కేంద్రకాలు వెనక రేకులోకి దూసుకుపోతాయి. ఆ పక్క రేకునూ లెక్కించకపోతే దిగుబడి తక్కువగా కనిపిస్తుంది.

ఆల్ఫా శక్తి కొలత విషయానికి వస్తే, పని చూడటానికి తేలిక. శూన్య గదిలో సిలికాన్ డిటెక్టర్, ఎదురుగా మూలం, అంతే. కాని 5.5 ఎంఈవీ ఆల్ఫా గాల్లో నాలుగు సెంటీమీటర్లు, సిలికాన్‌లో 28 మైక్రాన్లు మాత్రమే పోగలదు. అంచేత దారిలో అడ్డొచ్చిన ప్రతి పొరా శక్తిని మింగుతుంది. డిటెక్టర్ ముందున్న, సిగ్నల్ ఇవ్వని 50 నానోమీటర్ల నిర్జీవ పొర ఒక్కటే ఏడు కేఈవీలు తింటుంది. మంచి సిలికాన్ విభేదన సామర్థ్యం 15 నుంచి 20 కేఈవీ. మూలం మందంగా ఉంటే ఆ సామర్థ్యం వృథా. శిఖరానికి తక్కువ శక్తి వైపు పొడవాటి తోక మొలిచి పక్క శిఖరం కిందికి దూరుతుంది. విద్యుద్విశ్లేషణతో స్టీలు బిళ్ల మీద పలుచగా పూత వేయడం దీనికి మందు. బొట్టు వేసి ఆరబెట్టిన మూలంతో యురేనియం-238 రెండు రేఖలు, 4.198, 4.151, విడగొట్టాలనుకోవడం అత్యాశ.

డిటెక్టర్‌ను మూలానికి బాగా దగ్గర పెడితే లెక్క త్వరగా వస్తుందనే తొందర ఇంకో తప్పుకు దారి. అమెరీషియం-241 ఆల్ఫా వదిలాక పిల్ల కేంద్రకం ఉత్తేజంలో ఉండి, వెంటనే కన్వర్షన్ ఎలక్ట్రాన్‌ను (ఆ మిగులు శక్తి అందుకుని పరమాణువు నుంచి ఊడే ఎలక్ట్రాన్‌ను) విసురుతుంది. రెండూ ఒకేసారి సిలికాన్‌లో పడితే శక్తులు కలిసిపోయి శిఖరం ఎక్కువ శక్తి వైపు చెదురుతుంది. శాఖల శాతాలు తారుమారవుతాయి. మూలాన్ని దూరం జరపడం దీనికి తేలికైన చికిత్స. థోరియం, రేడియం లాంటి మూలాలతో మరో పీడ ఉంది: వెనక్కి తన్నుకున్న పిల్ల కేంద్రకాలు శూన్యంలో ఎగిరొచ్చి డిటెక్టర్ మీదే పాతుకుపోతాయి. ఆ మచ్చ తర్వాతి నమూనాలన్నిటిలోనూ నేపథ్యంగా కనిపిస్తుంది. గదిలో కొద్దిగా గాలి మిగల్చడం, మూలానికి కొన్ని వోల్టుల రుణ బయాస్ ఇవ్వడం దీన్ని చాలావరకు ఆపుతాయి.

అర్ధాయుష్షు కొలతలో చిక్కు రెండు కొసలా ఉంటుంది. పొలోనియం-212కు బిస్మత్-212 బీటాను గడియారం మొదలుగా, ఆల్ఫాను ముగింపుగా తీసుకుని మధ్య కాలాన్ని నానోసెకన్లలో పోగుచేస్తే సరిపోతుంది. దీర్ఘాయుష్షు గల కేంద్రకాలకు ఎవరూ వేచి ఉండలేరు. సెకనుకు ఎన్ని క్షయాలో లెక్కించి, మొత్తం పరమాణువుల సంఖ్యతో భాగించాలి. గ్రాము థోరియం-232లో సెకనుకు సుమారు 4,060 క్షయాలు జరుగుతాయి. ఇది హాయిగా లెక్కించదగిన సంఖ్య. కష్టం తరచూ హారంలోనే. సౌరకుటుంబపు తొలినాళ్ల కాలమానానికి వాడే సమేరియం-146 కథ దీనికి సరైన సాక్ష్యం. చాలాకాలం 10.3 కోట్ల ఏళ్ల విలువ వాడారు. 2012లో పరమాణువులను యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీతో లెక్కించి 6.8 కోట్లని ప్రకటించారు, గ్రహాల వయసుల పట్టికలు దిద్దుకోవలసి వచ్చింది. 2023లో ఆ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. 2024లో వచ్చిన కొత్త కొలత 9.2 కోట్ల ఏళ్లు.

బిస్మత్-209 దగ్గర లవమే దొరకదు. గ్రాముకు ఏడాదికి వంద క్షయాలు, అంటే మూడున్నర రోజులకు ఒకటి. పైగా 3.1 ఎంఈవీ ఆల్ఫా పలుచని పొరలోంచే బయటపడగలదు, పలుచని పొరలో బిస్మత్ ఎంత ఉంటుంది? 2003లో ఫ్రాన్స్‌లోని ఓర్సే పరిశోధకులు ఈ చిక్కును మూలాన్నే డిటెక్టర్ చేసి దాటారు. బిస్మత్ జెర్మనేట్ స్ఫటికాన్ని పరమశూన్య ఉష్ణోగ్రతకు కొన్ని పదుల మిల్లీకెల్విన్ల ఎత్తులో ఉంచి, ప్రతి క్షయంలో పుట్టే వేడినీ వెలుగునూ విడివిడిగా కొలిచారు. ఒకే వేడికి ఆల్ఫా ఇచ్చే వెలుగు, గామా లేదా బీటా ఇచ్చేదానికన్నా తక్కువ. ఆ తేడాతో నేపథ్యమంతా పక్కకు తప్పుకుంది. అప్పటిదాకా స్థిర ఐసోటోపుల్లో అత్యంత బరువైనదిగా పుస్తకాల్లో ఉన్న బిస్మత్-209 ఆ హోదా కోల్పోయింది, అది సీసం-208కి దక్కింది.

శక్తి కొలతలో తప్పు ఆయుష్షు మీద ఎంత పడుతుందన్నది అన్ని చోట్లా ఒకేలా ఉండదు. క్యూలో 100 కేఈవీ పొరపాటు బిస్మత్-209 లెక్కను దాదాపు 15 రెట్లు, థోరియంను ఏడు రెట్లు మారుస్తుంది. ఒగనెసాన్‌ను రెండు రెట్లు కూడా మార్చదు. అతిభార మూలకాల్లో సిద్ధాంతాలన్నీ కొలతతో బాగా కుదిరినట్టు కనిపించడంలో ఈ వెసులుబాటుకు వాటా ఉంది. పైగా అక్కడ ఆయుష్షు కొలత నాలుగైదు సంఘటనల మీద ఆధారపడుతుంది కాబట్టి దానికే రెండు రెట్ల అనిశ్చితి. డుబ్నాలో కాల్షియం-48 పుంజంతో తయారైన కేంద్రకం వాయువు నిండిన సెపరేటర్ (దాన్ని పుంజం నుంచి వేరుచేసే పరికరం) దాటి సిలికాన్‌లో కొన్ని మైక్రాన్ల లోతున దిగబడుతుంది. తర్వాత అదే చోట వరసగా వచ్చే ఆల్ఫాలను గొలుసుగా కడతారు. దాదాపు సగం ఆల్ఫాలు ముందువైపు నుంచి పారిపోతాయి, అందుకని చుట్టూ పెట్టెలా మరిన్ని డిటెక్టర్లు అమరుస్తారు. బయటి మూలంతో క్రమాంకనం (తెలిసిన శక్తితో డిటెక్టర్ కొలతను సరిచూడటం) చేస్తే శక్తి ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే లోపల పాతుకున్న కేంద్రకం వెనక్కి తన్నుకున్న శక్తిలో కొంత కూడా సిగ్నల్‌లో కలుస్తుంది. అదే చర్యలో పుట్టిన, శక్తి తెలిసిన తేలిక ఐసోటోపులతో క్రమాంకనం చేయడమే దారి.

ప్రీఫార్మేషన్‌ను క్షయంతో పని లేకుండా నేరుగా చూసే ప్రయత్నం 2021లో ఫలించింది. సిద్ధాంతం ప్రకారం ఆల్ఫా గుత్తి కేంద్రక సాంద్రత మామూలులో అయిదో వంతుకు పడిపోయిన అంచులోనే బతకగలదు. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయ కేంద్రంలో 392 ఎంఈవీ ప్రోటాన్లతో తగరం-112, 116, 120, 124 రేకులను కొట్టి, అంచు నుంచి ఊడిపడిన ఆల్ఫాలను లెక్కించారు. న్యూట్రాన్లు పెరిగేకొద్దీ ఆల్ఫాలు తగ్గాయి. అంచున న్యూట్రాన్ల పొర మందమైతే గుత్తి కట్టడానికి ప్రోటాన్లు చాలడం లేదన్నమాట. తగరం ఐసోటోపులు ఏవీ ఆల్ఫా క్షయం చెందవు. అంటే క్షయం లేని చోట కూడా ఆల్ఫా అంచున ఉండే అవకాశాన్ని కొలవవచ్చు.

ఆ వరసలో రెండో కొస తగరం-100. దాని మీద ఒక ఆల్ఫా కూర్చుంటే టెలూరియం-104, సీసం మీద పొలోనియం-212 లాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రోటాన్లూ న్యూట్రాన్లూ ఒకే కక్ష్యల్లో ఉంటాయి కాబట్టి గుత్తి కట్టడం ఇంకా తేలిక కావాలి. 2018లో అమెరికాలోని ఆర్గోన్ ప్రయోగశాల నికెల్-58తో ఇనుము-54ను ఢీకొట్టించి జినాన్-108ని, దాని ద్వారా టెలూరియం-104ను చూసింది. దొరికినవి రెండు సంఘటనలే. టెలూరియం అర్ధాయుష్షుకు వచ్చింది విలువ కాదు, 18 నానోసెకన్ల పై హద్దు. ప్రీఫార్మేషన్ పొలోనియం-212లో కన్నా అయిదు రెట్లయినా ఉండి ఉంటుందని దాన్నుంచి అంచనా కట్టారు. జినాన్ ఆల్ఫా సిగ్నల్ ఆరకముందే టెలూరియం ఆల్ఫా దాని మీద పడుతోంది; రెంటినీ విడదీయాలంటే ముందు ఆంప్లిఫయర్ తరంగ రూపాన్ని మొత్తంగా రికార్డు చేసి, ఒకే దిబ్బలో ఉన్న రెండు అంచులను ఒక్కొక్కటిగా సరిపోల్చాలి.